నీటిలో మొక్కకు కార్బన్ ఎక్కడిది?

(హైదరాబాద్‌లో అక్వేరియం అభిరుచి ఉన్నవారు, వృక్షశాస్త్రం విద్యార్థులు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం.

పదో తరగతిలో హైడ్రిల్లా ప్రయోగం మనలో చాలామంది చేసే ఉంటారు. చేయకపోయినా బొమ్మయితే గీసే ఉంటారు. బీకరు నిండా నీళ్లు, అందులో హైడ్రిల్లా కొమ్మలు, వాటి మీద బోర్లించిన గాజు గరాటు, ఆ గరాటు కాడకు తొడిగిన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్ అని రాస్తే మార్కులు పడతాయి. అయితే ఆ ప్రయోగంలో బీకరులో చిటికెడు వంట సోడా వేయడం కూడా ఉంటుంది. అది వేశాక బుడగలు జోరందుకుంటాయి. ఎండ అదే, మొక్క అదే, నీళ్లు అవే. పెరిగింది కార్బన్ ఒక్కటే. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ కార్బన్ గురించే.

మొక్క ఒళ్లంతా కార్బనే. ఆరబెట్టిన మొక్క బరువులో దాదాపు నలభై శాతం పైన కార్బన్ ఉంటుంది. నత్రజని, పొటాషియం, ఇనుము అని మనం సీసాలు కొని పోస్తుంటాం కానీ, అన్నిటికన్నా ఎక్కువగా కావాల్సింది ఇదే. పెరట్లో జామచెట్టుకు ఈ బాధ లేదు. గాలిలో సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్, 420 పీపీఎంకు పైనే (పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు పైగా) ఉంది, గాలి కదులుతూనే ఉంటుంది, ఆకు తీసుకున్నంతా క్షణంలో మళ్లీ వచ్చి చేరుతుంది. నీటిలో మునిగిన ఆకు సంగతి వేరు. 25 డిగ్రీల దగ్గర, గాలితో సమతుల్యంలో ఉన్న లీటరు నీటిలో ఉండే సీఓటూ అర మిల్లీగ్రాముకు కాస్త పైన, అంతే. ఆ ఉన్నది కూడా ఆకు దగ్గరికి రావాలంటే చాలా సేపు పడుతుంది. గాలిలో కంటే నీటిలో సీఓటూ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆకు చుట్టూ కదలని పలుచటి నీటి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొరలోని సీఓటూ అయిపోయాక ఎంత లైటు వేసినా ఆకు ఎదురుచూడాల్సిందే.

మరి వాగుల్లో, చెరువుల్లో మొక్కలు ఎలా బతుకుతున్నాయి అని అడుగుతారు. మంచి ప్రశ్న. మనం అక్వేరియంకు పెట్టినట్టు ప్రకృతిలో ఎవరూ సీఓటూ సిలిండర్ పెట్టలేదు కదా అంటారు. నిజానికి ప్రకృతిలో సిలిండర్ లాంటిది నేల లోపల ఉంది. వేర్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ ఊపిరి తీసి వదిలిన సీఓటూ అంతా భూగర్భ జలంలో కలుస్తుంది. ఆ నీరు ఊటగా వాగులోకి దిగుతుంది. అందుకే లోకంలో చాలా వాగులు, నదుల నీటిలో గాలితో సమతుల్యానికి మించిన సీఓటూ ఉంటుంది. అవి సీఓటూను గాలిలోకి వదులుతూ పారుతుంటాయి. మనం నీళ్లు పట్టి, ఫిల్టరు పెట్టి, శుభ్రంగా కడిగిన గులకరాళ్లు పరిచిన గాజు తొట్టిలో ఆ ఊట లేదు, ఆ బురదా లేదు. కాబట్టి సీఓటూ ఇవ్వడం కృత్రిమం, ఇవ్వకపోవడం సహజం అనే వాదన నాకు ఎప్పుడూ సరైనదిగా అనిపించలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మనం అక్వేరియం మొక్కలని కొనేవాటిలో చాలా భాగం అసలు పూర్తిగా నీటి మొక్కలు కావు. రోటాలా జాతులనే తీసుకోండి. మన దేశంలో వరి మళ్లలో, వాగు ఒడ్డున కలుపుగా మొలుస్తాయి. సగం ఏడాది నీటిలో, సగం ఏడాది గాలిలో బతుకుతాయి. నర్సరీవాళ్లు కూడా వీటిని నీటి పైనే, తేమ గాలిలో పెంచుతారు, త్వరగా పెరుగుతాయని. అలా పెరిగిన కుండీ తెచ్చి నీటిలో ముంచితే రెండు వారాల్లో ఆకులు మెత్తబడి కరిగిపోతాయి. షాపువాడు మోసం చేశాడనుకుంటాం. ఆ ఆకులు గాలికి తయారైనవి, నీటిలో పనికిరావు. మొక్క వాటిని వదిలేసి, పలుచటి కొత్త ఆకులు వేసుకోవాలి. ఆ కొత్త ఆకులు కట్టుకోవడానికి కార్బన్ కావాలి. సరిగ్గా ఆ సమయానికే దానికి కార్బన్ కరువవుతుంది.

హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటివి ఈ కరువుకు అలవాటుపడ్డ మొక్కలు. ఇవి నీటిలోని బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. వంట సోడా అంటే సోడియం బైకార్బనేటే కాబట్టి ఆ కిటుకు పనిచేసింది. హైడ్రిల్లా ఇంకో అడుగు ముందుకు వేసింది. సీఓటూ తగ్గినప్పుడు మొక్కజొన్న, చెరకు సీఓటూను కూడబెట్టుకోవడానికి వాడే సీ4 పద్ధతికి దగ్గరి పద్ధతిలోకి మారిపోతుంది, అదీ ఒక్కో కణం లోపలే. గట్టి నీళ్లు, అంటే బోరు నీళ్లు ఉన్న తొట్టిలో వాలిస్నేరియా ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగి చూడండి. సున్నపు పొడి లాంటి గరుకు తగులుతుంది. బైకార్బనేట్‌ను లాక్కున్నాక ఆకు మీద మిగిలిన కాల్షియం కార్బనేట్ అది. ఆ గరుకు తగిలిందంటే మీ తొట్టిలో సీఓటూ అడుగంటిందని మొక్క చెబుతున్నట్టే. ఏ టెస్ట్ కిట్టూ ఇంత సూటిగా చెప్పదు. మాస్‌లనే చిన్న మొక్కలకూ, కబోంబా అనే నీటి మొక్కకూ ఈ విద్య రాదు. వాటికి సీఓటూ కావాల్సిందే.

భీమవరం, ఆకివీడు వైపు చెరువులు చేసే రైతులకు ఇదంతా వేరే రూపంలో తెలుసు. మధ్యాహ్నం చెరువులో పీహెచ్ పెరుగుతుంది, తెల్లవారుజామున తగ్గుతుంది. పగలు నీటిలో తేలే ఆకుపచ్చ సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, సీఓటూను తాగేస్తే పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి చేప, రొయ్య, ప్లాంక్టన్, అడుగు బురద అన్నీ కలిసి సీఓటూ వదిలి ఆక్సిజన్ పీలిస్తే పీహెచ్ దిగుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలాయంటే ఏరేటర్ల దగ్గరికి పరుగెత్తుతారు. మన రెండడుగుల తొట్టిలో జరిగేదీ ఇదే. ఎకరాల్లో చూసినవాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది, "నాచు పడుతోంది, మొక్కలు పెరగట్లేదు, ఏ లైటు కొనమంటారు?" అని. ఉన్న లైటు తగ్గించండి అంటాను. ముఖం చిన్నబోతుంది. కానీ కారణం చూడండి. లైటు మొక్క చేత పని చేయిస్తుంది. ఎంత వెలుగు పెడితే అంత కార్బన్ అడుగుతుంది. అడిగినంత దొరక్కపోతే ఆకు బలహీనపడి అందులోంచి పోషకాలు కారతాయి. ఆ ఆకు మీదే నాచు పడుతుంది. వెలుగు తగ్గిస్తే మొక్క అడిగేదే తగ్గుతుంది, అప్పుడు ఉన్న కొద్దిపాటి సీఓటూ సరిపోతుంది. డెన్మార్క్‌లో పరిశోధకులు రిక్సియా అనే చిన్న మొక్క మీద వెలుగునూ సీఓటూనూ మార్చి మార్చి చూశారు. తక్కువ వెలుగులో కూడా సీఓటూ పెంచితే పెరుగుదల బాగా పెరిగింది. రెండూ పెంచితే అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది. కార్బన్ తేలిగ్గా దొరికితే దాన్ని పట్టుకోవడానికి పెట్టే శ్రమ మిగులుతుంది, ఆ మిగిలినదాన్ని మొక్క వెలుగు పట్టుకోవడంలో పెడుతుంది. అందుకే డబ్బులు ఒక్కదానికే ఉంటే నేను లైటుకు పెట్టను, సీఓటూకు పెడతాను. రెండింటికీ లేకపోతే లైటు రోజుకు ఆరేడు గంటలకు కుదించి, అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటి తక్కువ వెలుగు చాలే మొక్కలు పెంచుకుంటాను. అదీ అందమైన తొట్టే. సీఓటూ లేనివాళ్లు ఎవరూ తక్కువవాళ్లు కాదు.

ఈ అభిరుచికి ఇప్పుడున్న రూపం తెచ్చింది జపాన్‌లోని నీగాతాకు చెందిన తకాషీ అమానో. 1954లో పుట్టారు, 1982లో ఆక్వా డిజైన్ అమానో సంస్థ పెట్టారు. తొట్టిలో గడ్డి మైదానాన్నీ, కొండ వాలునూ పరిచినట్టు చూపించారు. ఆ పచ్చదనం వెనుక సీఓటూ ఉంది. 2015లో, ఆయన చనిపోయిన ఏడాదే, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని ఓషనేరియంలో 40 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల తొట్టిని కట్టి వెళ్లారు. ఫొటోలు చూడండి, నీటి అడుగున అడవి అది.

సరే, సీఓటూ ఎలా ఇవ్వాలి? చవకగా మొదలుపెట్టేవాళ్లు పంచదార, ఈస్టుతో మొదలుపెడతారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, మూతకు గొట్టం. మన ఎండాకాలంలో మొదటి రెండు రోజులు పొంగిపోతుంది, వారం దాటాక నీరసపడుతుంది. ఆపాలన్నా ఆగదు, రాత్రంతా వస్తూనే ఉంటుంది. చిన్న తొట్టికి సరే, కానీ రోజుకో తీరుగా వచ్చే సీఓటూ నాకు ఇష్టం లేదు. దానికన్నా మేలు నిమ్మ ఉప్పు, వంట సోడా పద్ధతి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే సిట్రిక్ యాసిడ్. 200 గ్రాముల నిమ్మ ఉప్పుకు 260 గ్రాముల వంట సోడా లెక్కకు సరిపోతుంది. రెండూ పూర్తిగా కలిస్తే సుమారు 137 గ్రాముల గ్యాసు వస్తుంది. అదే 200 గ్రాముల పంచదార పూర్తిగా పులిసినా 100 గ్రాములకు కాస్త పైన. అంతవరకు కూడా రాదు, ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్టు ఆగిపోతుంది. నిమ్మ ఉప్పు కిట్టుకు వాల్వు ఉంటుంది, రాత్రి కట్టేయొచ్చు. ఒక్క జాగ్రత్త: మామూలు నీళ్ల బాటిల్ వాడొద్దు. ఒత్తిడికి తట్టుకునే కూల్‌డ్రింక్ బాటిలో, లోహపు సిలిండరో ఉండాలి. ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వు తప్పనిసరి.

స్థిరంగా కావాలంటే సిలిండరే. దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే మన వాతావరణంలో దీనికో ప్రత్యేకత ఉంది. సిలిండర్‌లో సీఓటూ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి సుమారు 57 బార్లు (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). లోపల చుక్క ద్రవం మిగిలి ఉన్నంతకాలం గేజి ముల్లు కదలదు. ముల్లు దిగడం మొదలైందంటే ద్రవం అయిపోయింది, ఇక మిగిలింది గ్యాసే, రోజులే ఉన్నాయి. కాబట్టి ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయండి, ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద కొట్టి ఉంటుంది. సీఓటూకు 31 డిగ్రీలు ఒక హద్దు. అది దాటితే ద్రవం, గ్యాసు అనే తేడా ఉండదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది లోపలే 38 ఉంటుంది. అప్పుడు ఒత్తిడి ఎంత ఉంటుందన్నది ఎంత నింపారన్నదాని మీద ఆధారపడుతుంది. ఎక్కువ నింపమని షాపువాణ్ని బతిమాలకండి. ఎండ పడేచోట, కారు డిక్కీలో ఉంచకండి. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆమోదం ఉన్న సిలిండరే కొనండి, హైడ్రో టెస్టు, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష, తేదీ దాటిందేమో చూడండి. నిలబెట్టి గోడకు బిగించండి. పడుకోబెడితే ద్రవం, గ్యాసు ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

సిలిండర్ అడుగంటేటప్పుడు, ఒత్తిడిని ఒకే మెట్టులో తగ్గించే సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్‌లో బయటికి వచ్చే ఒత్తిడి పెరుగుతుంది. నిన్నటిదాకా సెకనుకు రెండు బుడగలు, ఇవాళ ధారగా. చేపలు చనిపోయేది చాలాసార్లు ఇక్కడే. ముల్లు దిగడం కనపడగానే సిలిండర్ మార్చేయండి, లేదా డబుల్ స్టేజ్ రెగ్యులేటర్ కొనండి.

ఇంకో లెక్క చెబుతాను, దయచేసి ఇంట్లో వాళ్లకు కూడా చెప్పండి. 5 కిలోల సీఓటూ మామూలు గది ఉష్ణోగ్రతలో దాదాపు 2.8 ఘనపు మీటర్ల గ్యాసు అవుతుంది. పది అడుగులు, పన్నెండు అడుగులు ఉండి, పది అడుగుల ఎత్తున్న పడక గది సుమారు 34 ఘనపు మీటర్లు. సిలిండర్ మొత్తం ఒకేసారి లీకయితే గదిలో 8 శాతం సీఓటూ. ఎనిమిది గంటల పనికి అనుమతించే హద్దు అర శాతం. 4 శాతమే ప్రాణాపాయకరమని లెక్కిస్తారు. పైగా గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది, చాప మీద పడుకున్నవాళ్లకు ముందు తగులుతుంది. ఏసీ వేసి తలుపులు మూసే పడక గదిలో పెద్ద సిలిండర్ వద్దు. సబ్బు నీళ్లు రాసి ప్రతి జాయింటూ చూడండి.

కొలత గురించి. సెకనుకు ఎన్ని బుడగలు అని అడక్కండి. నా బుడగ, మీ బుడగ ఒక సైజు కాదు. డ్రాప్ చెకర్ పెట్టండి. చిన్న గాజు గోళం, లోపల నీలం రంగు ద్రవం, తొట్టి నీళ్లకూ దానికీ మధ్య గాలి జాగా. తొట్టి నీటిలోంచి సీఓటూ ఆ గాలి జాగా దాటి ద్రవంలోకి వెళుతుంది. రంగు ద్రవం బ్రోమోథైమాల్ బ్లూ. కానీ దాన్ని తొట్టి నీళ్లలో కలపకూడదు, 4 కేహెచ్ (నీటిలో బైకార్బనేట్ ఎంతుందో చెప్పే కొలత) ఉన్న నీళ్లలో కలపాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1.2 గ్రాముల వంట సోడా కరిగించండి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలపండి. అదే 4 కేహెచ్. నీలంగా ఉంటే సీఓటూ తక్కువ, గడ్డి ఆకుపచ్చ వస్తే లీటరుకు 30 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, పసుపు వస్తే ఆపండి. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది. కాబట్టి ఇప్పుడు చూసే రంగు ఇప్పటిది కాదని గుర్తుంచుకోండి. వాల్వు తిప్పి ఐదు నిమిషాల్లో రంగు మారలేదని మళ్లీ తిప్పేవాళ్ల చేపలు సాయంత్రానికి తేలతాయి.

పీహెచ్ 1 తగ్గితే 30 మిల్లీగ్రాములు వచ్చినట్టే అని ఒక సూత్రం చలామణీలో ఉంది. పీహెచ్ 1 తగ్గడమంటే సీఓటూ పది రెట్లు కావడం. ఎంతకు పది రెట్లు అన్నది మొదట ఎంత ఉందన్నదాని మీద ఉంటుంది. గ్లాసులో పెట్టి, బాగా గాలి కొట్టి, అదనపు సీఓటూ అంతా పోయిన నీళ్లలో అర మిల్లీగ్రాము మిగిలితే, పది రెట్లంటే ఐదే. 3 మిల్లీగ్రాములు ఉంటే 30. కాబట్టి ఆ సూత్రాన్ని మొదటి అంచనాగానే తీసుకోండి. డ్రాప్ చెకర్‌నూ, మొక్కనూ, చేపనూ కలిపి చూడండి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే చేపను ఎంచుకుంటాను.

చేప సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. సీఓటూ వేస్తే ఆక్సిజన్ బయటికి పోతుంది అంటారు. అది తప్పు. నీటిలో రెండూ ఒకేసారి ఎక్కువగా ఉండొచ్చు. మొక్కలు మెరుస్తూ బుడగలు వదిలే సమయంలో అలాగే ఉంటుంది. ప్రమాదం చేప రక్తంలో ఉంది. నీటిలో సీఓటూ పెరిగితే చేప తన సీఓటూను మొప్పల ద్వారా బయటికి వదలలేదు. రక్తం ఆమ్లం వైపు మళ్లుతుంది, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే పట్టు సడలుతుంది. 1904లో క్రిస్టియన్ బోర్ వివరించారు కాబట్టి దీన్ని బోర్ ఎఫెక్ట్ అంటారు. పరమాణు నిర్మాణం చెప్పిన నీల్స్ బోర్‌కు తండ్రి ఈయన. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా చేప అందుకోలేదు. రోజూ చేపలను చూసేవాళ్లకు తేడా ముందే తెలుస్తుంది. మొదట మొప్పల మూతలు వేగంగా కొట్టుకుంటాయి. మేత వేసినా ఉత్సాహంగా రావు. తర్వాత పైకి చేరి నీటి అంచున నోళ్లు తెరుస్తాయి. రొయ్యలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. వెంటనే సీఓటూ కట్టండి, గాలి బుడగలు వదిలే ఏర్ స్టోన్ పెట్టండి, ఫిల్టరు నీళ్లు పైనుంచి చిలకరించేలా తిప్పండి, మూడో వంతు నీళ్లు మార్చండి. ఎండాకాలంలో నీరు 32 డిగ్రీలకు చేరితే లీటరు నీటికి ఆక్సిజన్ పట్టే సత్తువే, 25 డిగ్రీల దగ్గర ఉండే 8.3 నుంచి 7.3 మిల్లీగ్రాములకు తగ్గుతుంది, చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. అప్పుడు గడ్డి ఆకుపచ్చ వద్దు, నీలం కలిసిన ఆకుపచ్చ చాలు.

సీఓటూ లైటు వేయడానికి రెండు గంటల ముందు మొదలవ్వాలి, లైటు ఆర్పడానికి గంట ముందు ఆగాలి. రాత్రి వద్దు, చీకట్లో మొక్క వాడుకోదు. టైమరుకు సోలెనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు, కట్టండి. మామూలుగా మూసి ఉండే రకం అయితే కరెంటు పోయినా గ్యాసు ఆగిపోతుంది. పైన నీరు కాస్త అలలాడాలి. గ్యాసు పోతుందని నీటిని చెరువులా నిశ్చలంగా ఉంచేవాళ్లున్నారు. కొంచెం గ్యాసు పోనివ్వండి, ఆక్సిజన్ రానివ్వండి. రోజూ ఒకే మోతాదు ఉండటం ముఖ్యం. ఈ అభిరుచిలో చాలాకాలంగా ఉన్నవాళ్లంతా చెప్పేదొకటి: ఆకు అంచున నల్లటి గడ్డం లాంటి నాచు పడితే ముందు సీఓటూ హెచ్చుతగ్గులు చూసుకోమని. నేనూ అదే అంటాను.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: లిక్విడ్ కార్బన్ అని సీసాలు వస్తున్నాయి కదండీ, సిలిండర్ బదులు వాడొచ్చా?)

వాటిలో ఎక్కువ వాటిలో ఉండేది గ్లుటరాల్డిహైడ్. ఆసుపత్రుల్లో పరికరాలను శుద్ధి చేయడానికి వాడే మందు. నాచును చంపుతుంది, అది నిజం. సీఓటూకు బదులు అనుకోవద్దు. వాలిస్నేరియా, మాస్‌లు దెబ్బతింటాయి. వాడితే గ్లౌజులు వేసుకోండి, పిల్లలకు అందనివ్వకండి.

(మరొకరు: మాది బోరు నీళ్లు సార్, కేహెచ్ 14 చూపిస్తోంది. సీఓటూ ఇస్తే పనిచేస్తుందా?)

పనిచేస్తుందమ్మా. కేహెచ్ ఎక్కువైనంత మాత్రాన గ్యాసు కరగడం తగ్గదు. 30 మిల్లీగ్రాములు అంటే ఏ నీటిలోనైనా 30 మిల్లీగ్రాములే. కాకపోతే మీ పీహెచ్ 7కు పైనే ఆగుతుంది, అది 6.6కి దిగాలని వాల్వు తిప్పుకుంటూ పోతే చేపలు పోతాయి. డ్రాప్ చెకర్‌ను నమ్మండి. మెత్తటి నీళ్లు కోరే మొక్కలు పెంచాలనుకుంటే ఆర్‌ఓ నీళ్లు సగం కలపండి. ఒకసారి తొట్టిలో రాళ్లు కూడా చూసుకోండి. వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చే రాయి సున్నపురాయి. సీఓటూ ఇచ్చిన నీటిలో అది కరుగుతూనే ఉంటుంది, మీరు ఎన్ని ఆర్‌ఓ నీళ్లు పోసినా కేహెచ్ మళ్లీ ఎక్కుతుంది. ముందు దాన్ని తీసేయండి, ఆ తర్వాతే వాల్వు సంగతి.